అవ్వ క్యాసెట్లో ఖాళీ జాగా

పిల్లల మీద ఒట్టు వేసి చెబుదామంటే, అట్లాంటి ఒట్లు వద్దని మా ఆయన తిడతాడు. అందుకని ఉత్త మాటగానే చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది. చొప్పదండిలో, మా ఇంట్లో, మొన్నటి వానాకాలంలో. అర్ధరాత్రి కూడా కాదు… ఎనిమిది దాటిందంతే. పక్కింట్లో టీవీ మోగుతూనే ఉంది.

మా బాపు, అంటే నాన్న, మస్కట్‌లో పనిచేసేవాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, చదువు రాదు. ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాట్లాడి, అటు పోయేవాళ్ల చేతికిచ్చి పంపేది. బటన్ నొక్కే పని నాది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అవ్వ దృష్టిలో క్యాసెట్ కూడా ఫోన్ లాంటిదే. "అన్నం తిన్నవా?" అని అడిగి ఆగేది. బాపు జవాబు చెప్పేంతసేపు… నిజంగానే ఆగేది. టేపు ఊరికే తిరుగుతుంటే నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఆ ఏడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. బాపుకు సెలవు దొరకలేదు. అవ్వ కోపం పట్టలేక ఒక క్యాసెట్ పంపింది. "ఇగ నువ్వు రాకు. ఆడనే ఉండు" అంది. నెల తిరక్కుండానే మనసు ఆగక ఇంకొకటి పంపింది. ఆ తర్వాత కొన్నాళ్లకే బాపు గుండె ఆగిందని కబురొచ్చింది. శవంతో పాటు బాపు సామాన్ల పెట్టె వచ్చింది. రెండు క్యాసెట్లూ అందులోనే ఉన్నాయి. రెండోది బాపు విన్నాడో లేదో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా అవ్వను లోలోపల తినేస్తున్నది అదే.

"టేపు ఖరాబు గాకముందే కంప్యూటర్ల ఎక్కియ్యి బిడ్డా" అని అవ్వే అడిగింది. ఆమె ముందు ఆ మాటలు వినే ధైర్యం నాకు లేదు. అందరూ హుస్నాబాద్‌కు పెండ్లికి పోయిన రోజు చూసి కూర్చున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే.

పాత టేప్‌రికార్డర్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య తీగ పెట్టాను. రెండో క్యాసెట్ వేశాను. మాట వచ్చినప్పుడల్లా తెర మీద ఆకుపచ్చ గీత ఎగురుతోంది. మాట ఆగితే చదునుగా పడుకుంటోంది. అవ్వ గొంతు… ఎంత పడుచు గొంతో. బాపును నా పేరు పెట్టే పిలిచేది.

"ఓ పద్మ బాపూ… నోరు జారిన. గా మాట మనసుల వెట్టుకోకు. నా మీద కోపం పోయిందా?"

ఆగింది. ఎప్పటిలాగే.

స్‌స్‌… స్‌స్‌… టేపు తిరుగుతోంది. గీత చదునుగా ఉంది. అప్పుడు… ఉబ్బింది. కొంచెం. మళ్లీ కొంచెం. తర్వాత ఇంకాస్త పెద్దగా. నా చెవికి మాత్రం ఏమీ వినపడలేదు.

"సరే మరి… పైలం" అని జాగ్రత్త చెప్పి అవ్వ ముగించింది.

కంప్యూటర్లో ఎక్కినదాన్ని వెనక్కి జరిపి పెట్టాను. అవ్వ ప్రశ్న. స్‌స్‌… ఒక గొంతు సవరింపు. మళ్లీ ఒకటి. మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం మా బాపు అలవాటు. తర్వాత మగ గొంతు, మెల్లగా… "పోయి…" చివరి అక్షరం అరిగిపోయింది.

ఏడ్చేశాను. బాపు విన్నాడు, విని ఆ ఖాళీలో తన జవాబు నింపాడు అనుకున్నాను. క్యాసెట్‌నే మళ్లీ టేప్‌రికార్డర్లో పెట్టాను. ఏమీ లేదు. మూడుసార్లు తిప్పాను. ఒట్టి స్‌స్‌.

మళ్లీ కంప్యూటర్లో విన్నాను. ఈసారి అవ్వ మాటల వెనక ఇంకో చప్పుడు… టక్… టక్… టక్. అది మా ఫ్యాను. నా నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను. ముప్పై ఏళ్లనాటి టేపులోకి అదెట్లా వస్తుంది?

తీగ చూశాను. సగమే దూరింది. కంప్యూటర్ టేపును తీగలోంచి తీసుకోలేదు. తన మైకుతో గదిలో మోగిందంతా పట్టుకుంది.

అంటే ఆ గొంతు క్యాసెట్లోది కాదు… గదిలోది.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. పక్కింటి టీవీ ఆగేదాకా అట్లాగే కూర్చున్నాను. ఆ టీవీలో గొంతే పడిందంటాడు మా ఆయన. కావచ్చు. కానీ నన్ను తొలిచేది ఇంకొకటుంది. ఆ మాట "పోయింది" అయితే, కోపం పోయిందని. "పోయిన" అయితే… నేను పోయాను అని.

మర్నాడు అవ్వ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాను. ఆ జాగా దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. చాలాసేపు ఆగాయి.

"నీకెట్ల ఇనవడ్డది?" అంది.

"పోయింది అన్నడవ్వా" అన్నాను.

"నాకు గూడ గట్లనే ఇనవడ్డది" అని మళ్లీ ఆకు చుట్టింది.

ఆ మాట అంటున్నప్పుడు అవ్వ నా ముఖం చూడలేదు. నేనూ ఆమె ముఖం చూడలేదు.