ఆపి ఉంచిన రెండు ప్రాసెసర్లు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. అది రెండే మాటలు. చెప్పిన గది గుర్తుంది. బల్ల మీద మూత తీసి పెట్టిన నీళ్ల సీసా గుర్తుంది. ఎదుటివాళ్లు వెంటనే నమ్మేసిన తీరు ఇంకా బాగా గుర్తుంది. ముప్పై ఏళ్లు పత్రికల్లో పనిచేసి, ఊళ్లో ఎవరు ఏ తప్పు చేశారో రాసినవాణ్ణి. నేను చేసింది ఎక్కడా రాయలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జిల్లాలు చీలిన కొత్త. అంతవరకు పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతటికీ కలిపి ఉన్న పేజీలు విడిపోయాయి. వనపర్తికి వేరు, గద్వాలకు వేరు, నాగర్‌కర్నూలుకు వేరు. మూడింటికీ పేజీలు తయారయ్యేది వనపర్తిలో, పాన్‌గల్ రోడ్డు మీద ఒక బట్టల దుకాణం పైన ఉన్న మా ఆఫీసులో. ఆ డెస్కుకు ఇన్‌చార్జిని నేను. పని మూడింతలైంది, మనుషులు పెరగలేదు, కంప్యూటరు మారలేదు. మేం పెద్ద మిషను అని పిలిచే ఆ సర్వర్ హైదరాబాద్‌లో పాతబడ్డాక మాకు పంపినది. మా పేజీల్లోని ఫొటోలనూ అక్షరాలనూ ప్రకటనలనూ కలిపి ప్రెస్సుకు పనికొచ్చే ఒక్క ఫైలుగా మార్చడం దాని పని. లోపల ఎనిమిది ప్రాసెసర్లు. ఎనిమిది మంది కూలీలు ఒకే మడిలో వరుసగా నాట్లు వేస్తున్నట్టు అవి పనిని పంచుకుంటాయని మొదట నాకు అర్థమయ్యేలా చెప్పింది సలోమి.

సలోమి అసలు పేరు కాదు. పాన్‌గల్ దగ్గరి ఊరు. అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు బొంబాయి వైపు మట్టిపనికి పోయేవాళ్లు. హాస్టళ్లలో చదివి, డిప్లొమా చేసి, ఇరవై నాలుగో ఏట మా దగ్గర సిస్టమ్స్ ఉద్యోగంలో చేరింది. ఆ ఇంట్లో నెలనెలా జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఆ ఏడాది తల్లిదండ్రులను వలసకు పోనివ్వలేదు. వనపర్తిలో ఒక గది అద్దెకు తీసుకుని తల్లిని తన దగ్గరే పెట్టుకుంది. తండ్రి ఊళ్లో ఎకరంన్నర కౌలుకు పట్టాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే చేశాను.

పెద్ద మిషనుకు మౌసు ఉండేది కాదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. పీఎస్‌ఆర్‌ఇన్ఫో అని కొడితే ఎనిమిది ప్రాసెసర్లూ సున్నా నుంచి ఏడు దాకా వరుసగా వచ్చేవి. ఒక్కో దాని పక్కన అది పనిలో ఉంటే ఆన్‌లైన్ అని, పక్కన పెట్టి ఉంటే ఆఫ్‌లైన్ అని, ఎప్పటి నుంచి అలా ఉందో ఆ సమయంతో సహా కనిపించేది. పీఎస్‌ఆర్‌ఏడీఎం అనే ఇంకో కమాండ్‌తో మిషను నడుస్తుండగానే ఒక ప్రాసెసర్‌ను ఆపవచ్చు, మళ్లీ పనిలోకి దింపవచ్చు. ఆమె వెనక నిలబడి చూసీ చూసీ నాకూ నోటికి వచ్చేసింది.

వేసవి మొదట్లో ఐదో నంబరు, ఏడో నంబరు ప్రాసెసర్లలో తప్పులు రావడం మొదలైంది. సలోమి ఆ రెండింటినీ ఆఫ్‌లైన్‌లో పెట్టింది. మిషను ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ ఎనిమిదీ పనిలోకి వచ్చేస్తాయి కనుక, ప్రతిసారీ కూర్చుని ఆ రెండింటినీ చేత్తో ఆపేది. హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చేదాకా వాటిని అలాగే ఉంచాలంది. పని జరుగుతున్నట్టే ఉంది కదా, ఎందుకు ఆపడం అని ఒకసారి అడిగాను. ఆమె తండ్రి పశువుల మనిషి, పోలిక వెంటనే దొరికింది. "కుంటెద్దును కాడికి కడ్తే మంచెద్దు మెడ గూడ పోతది సార్. పైకి మంచిగనే నడుస్తున్నట్టు కనవడ్తది, ఏడ కూలవడ్తదో తెల్వదు" అంది.

మిషను పాస్‌వర్డ్ ఆమె ఒక్కతె దగ్గరే ఉండాలని ఆఫీసు నియమం. కానీ మాకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు. ఆలోపు మిషనును పద్ధతిగా ఆపకపోతే పేజీలు పాడవుతాయి. తను లేనప్పుడు అవసరపడుతుందని పాస్‌వర్డ్ నాకు చెప్పింది. ఆపే కమాండ్ ఒక్కటి కాగితం మీద రాసిచ్చి, ఇది తప్ప ఇంకోటి ముట్టుకోవద్దని చెప్పింది. చిన్న ఆఫీసుల్లో పని ఇలాగే నడుస్తుంది. నియమం గోడ మీద ఉంటుంది, పని నమ్మకం మీద జరుగుతుంది.

ఆ శనివారం పెబ్బేరు సంత. తండ్రి ఒక ఎద్దును మార్చుకోవడానికి వస్తున్నాడని, పక్కన ఉండి రెండు గంటల్లో వస్తానని సలోమి అడిగింది. పో, నేను చూసుకుంటా అన్నాను. ఆ వారంలో మా పేజీలు మూడుసార్లు ఆలస్యంగా పోయాయి. మూడోసారి హైదరాబాద్ నుంచి వచ్చిన మెయిల్‌లో నా పేరు రాశారు. ఆ శనివారం శ్రీరంగాపూర్ గుడి ఉత్సవం ఫొటోలు నిండుగా ఉన్నాయి. పేజీలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. గద్వాల పేజీ తయారవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఏడు గంటలకల్లా అన్నీ వెళ్లిపోవాలి.

నేను వెళ్లి నల్ల తెర ముందు కూర్చున్నాను. వరుసలో ఆరు పనిలో ఉన్నాయి, రెండు ఊరికే ఉన్నాయి. డెస్కు ఇన్‌చార్జికి ఒక రోగం ఉంటుంది. ఖాళీగా కూర్చున్నవాణ్ణి చూసి ఊరుకోలేడు. ఎవరైనా ఖాళీగా కనిపిస్తే ముందు చేతిలో ఒక వార్త పెట్టి, కారణం తర్వాత అడుగుతాడు. ఆ రెండింటినీ నేను అలాగే చూశాను. సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు అయింది. ఐదునూ ఏడునూ పనిలోకి దింపే కమాండ్ కొట్టాను.

ఆమె చెప్పింది అప్పుడు నాకు గుర్తు లేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. గుర్తుంది. వేలు మీట మీద ఉండగానే ఆమె మాట గుర్తుకొచ్చింది. రెండు గంటలే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. తప్పు తెలియక జరిగిందా, తెలిసి జరిగిందా అని నన్ను నేను అడిగినప్పుడల్లా ఈ క్షణం దగ్గరికి వచ్చి ఆగిపోతాను.

నాగర్‌కర్నూలు మొదటి పేజీ ఐదు నిమిషాల్లో వచ్చింది. సంతోషపడ్డాను, అది కూడా చెప్పాలి. ఇంత చిన్న పని ఆమె ఎందుకు చేయలేదని కూడా అనుకున్నాను. ఆ తర్వాత అన్ని తెరలూ ఒక్కసారిగా నిలిచిపోయాయి. మిషను తనంతట తాను ఆగి, మళ్లీ మొదలవుతూ, మధ్యలో ఆగిపోతూ, నాకు అర్థం కాని అక్షరాలు వరుసలు వరుసలుగా రాసుకుంటూ పోయింది. సలోమికి ఫోన్ చేశాను. మిషను ఆగింది అన్నాను. ఎందుకాగిందో చెప్పలేదు. బేరం నడుస్తుండగానే తండ్రిని వదిలేసి వచ్చింది. మిషనును లేపగలిగింది కానీ, చేసిన పేజీలు పాడైపోయాయి, సమయం దాటిపోయింది. మరునాడు మా పేజీలకు బదులు మూడు జిల్లాల పాఠకులూ మహబూబ్‌నగర్ పేజీలు చదివారు. పొద్దున్నే ఏజెంట్ల ఫోన్లు. నాగర్‌కర్నూలు ఏజెంటు ఒకాయన, మా జిల్లాను మళ్ల కలిపేసిండ్రా ఏంది సార్ అని ఎగతాళి చేశాడు.

సోమవారం పెద్ద ఆఫీసు నుంచి మేనేజరు వచ్చాడు. మిషను ఎవరు ఏం చేసినా రాసుకుంటుంది. ఐదు పదికి ఐదు, ఏడు ప్రాసెసర్లను ఆన్ చేసినట్టు అందులో ఉంది. ఎవరి వేలో అందులో ఉండదు, పాస్‌వర్డ్ ఉన్న మనిషి అని మాత్రమే ఉంటుంది. ఆ సమయంలో పెబ్బేరులో ఉన్నానని సలోమి చెప్పింది. అవసరమైతే ఫోను నుంచి మిషనును చూసుకునేలా ఆమే ఏర్పాటు చేసుకుందని, అక్కడి నుంచి కూడా కమాండ్ కొట్టవచ్చని మేనేజరుకు తెలుసు. నా వైపు తిరిగి, పాస్‌వర్డ్ ఇంకా ఎవరికి తెలుసు అని అడిగాడు.

"ఆమెకే తెలుసు" అన్నాను.

సలోమి నా వైపు చూసింది. కోపంగా చూడలేదు. తెరపై కొత్త రకం తప్పు కనిపిస్తే చూసినట్టు, శ్రద్ధగా చూసింది. నా పేరు చెప్పలేదు. చెబితే నియమం తప్పానని ఒప్పుకోవాలి, దానికి భయపడిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఆ సుఖం కూడా పోయింది.

"సార్, నేను చెప్తలేను. మీ పేరు నా నోట్లకెల్లి రావద్దనే చెప్తలేను" అంది.

నేను ఏదో ప్రూఫు చూస్తున్నట్టు తల ఎత్తలేదు.

"మీరే చెప్తరని చూస్తున్న. జల్ది చెప్పుండ్రి సార్. గురువారం దాంక టైం ఇచ్చిండ్రు."

"చూద్దాంలేమ్మా."

"చూద్దాం అంటె ఏంది సార్? మీకేమైతది, ఒక్క మెమో ఇస్తరు. నాకైతె నౌకరే పోతది. మా అమ్మ మళ్ల మట్టిపనికి పోతది."

"మాట్లాడతా, నువ్వు పరేషాన్ కాకు" అన్నాను. నేను ఆమె యాసలో మాట్లాడింది ఆ ఒక్కసారే. ఎందుకు అలా మాట్లాడానో ఇప్పటికీ ఆలోచిస్తాను. దగ్గరివాణ్ణని నమ్మించడానికే అయి ఉంటుంది.

మంగళవారం గడిచిపోయింది. బుధవారం మేనేజరుకు ఫోన్ చేశాను, ప్రకటనల గురించి మాట్లాడి పెట్టేశాను. ఆమె చెప్పింది నిజం. అన్నేళ్ల సర్వీసున్న మనిషికి ఒక మెమో ఇచ్చేవాళ్లు, అంతకన్నా ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్క కాగితం నా పేరు మీద ఉండకూడదని ఒక మనిషి బతుకును అడ్డం పెట్టాను. భయపడ్డానా? అంత భయం కూడా లేదు. కంప్యూటరు సంగతి తెలియని పెద్దమనిషి వేలు పెట్టి చెడగొట్టాడని డెస్కు పిల్లలు నవ్వుకుంటారని సిగ్గుపడ్డాను. నిజానికి అంతే. ఇంకా పెద్ద కారణం ఉంటే బాగుండునని వెతికాను. దొరకలేదు.

గురువారం ఆమె తన వస్తువులు ఒక సంచిలో సర్దుకుంది. పోయే ముందు కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఒక కాగితం రాసి మిషనుకు అంటించింది: ఐదు, ఏడు ఆన్ చేయవద్దు. కింద తన పేరు రాయలేదు.

ఆ వానాకాలానికి తల్లీ తండ్రీ పుణె పోయారని విన్నాను. తల్లి అక్కడే జబ్బుపడి, దవాఖానలో చాలా రోజులు ఉండి వచ్చిందట. సలోమికి అలాంటి ఉద్యోగం మళ్లీ దొరకలేదు, ఎందుకు తీసేశారని అడిగిన ప్రతిచోటా ఆమె దగ్గర చెప్పడానికి జవాబు లేదు. జవాబు నా దగ్గర ఉంది.

పోయిన సంవత్సరం గద్వాలలో ఒక పత్రం కోసం జిరాక్సు దుకాణానికి వెళ్తే కౌంటరు వెనక ఆమె. నన్ను చూసి లేచి నిలబడింది. బాగున్నారా సార్ అని అడిగింది, ఆరోగ్యం అడిగింది. తల్లి గురించి నేను అడిగాను, ఉంది సార్ అంది. దుకాణంలో ఇంకెవరూ లేరు. నిజం చెప్పవచ్చు. కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఆమె మర్యాదలో ఏ తేడా లేదు. తేడా ఉంటుందేమోనని చూశాను. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

పత్రికలో సవరణకు ఒక పద్ధతి ఉంది. తప్పు ఏ పేజీలో పడిందో సవరణ అదే పేజీలో పడాలి. నేను అబద్ధం చెప్పింది మేనేజరుకు. అందుకే ఇది మీకు రాసే ముందు, ఈ ఉదయం ఆయనకు ఉత్తరం రాశాను. ఇప్పుడు ఆయన రిటైరయ్యాడు, చిరునామా సంపాదించాను. రెండో ప్రతి గద్వాల దుకాణానికి, ఆమె పేరు మీద పంపాను. దానితో ఆమె ఏం చేసుకుంటుందో తెలియదు. చించి పారేసినా ఆమె ఇష్టం. జవాబు అడగలేదు. క్షమాపణ అనే మాట రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేశాను. అది ఆమెను ఏదో అడిగినట్టుంది.

ఉత్తరాల్లో నా అసలు పేరు ఉంది. విషయం ఇంతే: ఆ శనివారం సాయంత్రం ఐదు పదికి ఐదో ప్రాసెసర్‌నూ ఏడో ప్రాసెసర్‌నూ ఆన్ చేసింది నేను. చేయకూడదని తెలిసే చేశాను. పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఆమె నా అనుమతితోనే వెళ్లింది. మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను.

ఐదు వాక్యాలు. తిరిగి చదివాను. దిద్దడానికి ఏమీ కనిపించలేదు.