గాలికి తొవ్వ ఇచ్చిన బట్ట

మహారాష్ట్రలోని భివండీలో ఇరవై ఏళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్న కనుకయ్యకు ఒకటే గర్వం. ఆయన నేసిన బట్టలో సన్నటి జాలి, అంటే పోగు తప్పిన సందు, కూడా కనబడదు. అదే ఊరి నిజాంపురాలో నాలుగు సాంచాలున్న ఆయన యజమాని లక్ష్మీనర్సయ్య సేట్ ఆ బట్టను బల్బు ముందు పట్టి చూసినా తప్పు దొరకదు.

2003 చలికాలంలో సేట్‌కు ఒక వింత ఆర్డరు వచ్చింది. కొంకణ్ తీరంలో సైన్యం విన్యాసాలు చేస్తుందట. యుద్ధమేమీ లేదు, సాధనే. ఓడలు ఒడ్డుకొచ్చి ట్యాంకులను దించాలి. ఎక్కడ దించాలో దూరం నుంచే తెలిసేలా అక్కడ రెండు పెద్ద నారింజ రంగు బట్టలు నిలబెట్టాలి.

కనుకయ్య ఎప్పటికన్నా దట్టంగా నేశాడు. "మిలిట్రీ పని సేట్, దోమ గూడ దూరొద్దు" అన్నాడు. బట్టలతో పాటు ఇద్దరూ తీరానికి టెంపో ఎక్కారు.

చిక్కు అక్కడే వచ్చింది. వెదురు గెడలకు కట్టి లేపగానే బట్టలు తెరచాపల్లా ఉబ్బాయి. గెడలు ఇసుకలోంచి ఊడి జవాన్ల మీదే పడ్డాయి. మూడుసార్లు లేపితే మూడుసార్లూ అంతే.

హవల్దార్ గడియారం చూసుకుని హిందీలో అన్నాడు: "చాచా, రెండు గంటల్లో ఓడలొస్తాయి. ఇవి నిలబడకపోతే సున్నం పూసిన డ్రమ్ములు పెట్టుకుంటాం. నీ బట్ట మా వంటవాళ్లకు పరదా అవుతుందిలే."

కనుకయ్య ముఖం మాడిపోయింది. ఇసుకలో కూలబడి బట్టను వేళ్లతో నలిపి చూశాడు. గాలి పోవడానికి సందే లేదు. గబుక్కున కత్తెర తీశాడు.

"ఏం జేస్తున్నవ్ కనుకయ్యా! ఖరాబ్ జేస్తున్నవ్!" సేట్ అరిచాడు.

"గాలికి తొవ్వ ఇస్తున్న సేట్. పడుగు ముట్టుకోను, పేక గుంజుతున్న."

జానెడుకొకచోట అడ్డంగా ఉన్న పేక పోగులను కొనలో తెంపి లాగేస్తే నిలువుగా ఉన్న పడుగు పోగులు మాత్రమే మిగిలి, జల్లెడలా సందులు పడుతున్నాయి. ఐదుగురు జవాన్లను కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సగం తెలుగు, సగం హిందీలో గద్దించాడు: "గట్ల గుంజకు బేటా! ఆరామ్ సే, పేను తీసినట్టు తియ్యి!"

సేట్ కూడా చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. "జాలి పడ్డదని ఎంతమందిని తిట్టిననో! ఇయ్యాల నేనే జాలి చేస్తున్న. భివండీల చెప్పకు."

"నేనెందుకు చెప్త? నా ఇజ్జత్ గూడ పోతది."

నాలుగోసారి లేపారు. గాలి సందుల్లోంచి ఈల వేస్తూ పోయింది. గెడలు ఊగాయి, ఊగి నిలిచాయి. కాసేపటికి ఓడలొచ్చాయి. వాటి ముందు తలుపులు తెరుచుకోగానే ట్యాంకులు నీళ్లు చిమ్ముతూ సరిగ్గా ఆ రెండు బట్టల నడుమకే ఎక్కివచ్చాయి.

మర్నాడు భివండీలో కనుకయ్య ఇంట్లో వాడకట్టంతా చేరింది. భార్య జమున అందరికన్నా ముందు కూర్చుంది. "చెప్పయ్యా, ఓడలెట్లున్నయి? ట్యాంకులు ఎంత పెద్దగున్నయి?"

కనుకయ్య తల గోక్కున్నాడు. "ఏమో జమునా. నా కండ్లన్నీ బట్టల మీదనే ఉండె. గవయితే నిలవడ్డయి."