తొట్టికి నట్టల మందు

మొదట అవి తుప్పు మరకలనుకున్నాడు మా ఆయన. పాతికేళ్లు మోటర్లు రివైండింగ్ చేసిన మనిషికి ఎక్కడ గోధుమరంగు చుక్క కనిపించినా తుప్పే గుర్తొస్తుంది. చేపల తొట్టి అద్దానికి లోపలివైపు, ఇసుక దగ్గర, కందిపొట్టు రాలినట్టు చిన్న చిన్న రేకులు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూస్తుంటే ఒక రేకు కదిలింది. పురుగులని తేల్చాడు. ఆయన గొంతులో దిగులు కన్నా కుతూహలమే ఎక్కువ. దిగులు నాకు, ఎందుకంటే ఆ తొట్టిలో చెయ్యి పెట్టేది నేను.

మాది జహీరాబాద్. ఇక్కణ్నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అలాంటి ఊళ్లో, మా ముందు గదిలో, మూడు వందల లీటర్ల ఉప్పునీళ్ల తొట్టి. హైదరాబాద్‌లో ఎవరింట్లోనో పంపు బాగుచెయ్యడానికి పోయి, వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసి, ఆ తొట్టిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. చేపలేమో బకెట్లలో. ఆరేళ్లు తనే చూసుకున్నాడు. నేను దాని వైపు తిరిగి చూసిన పాపాన పోలేదు. తర్వాత ఆయన కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. సూదులు పెట్టడానికి ఎడమ చేతికి ఆపరేషన్ చేసిన డాక్టర్, ఆ నీళ్లలో చెయ్యి పెడితే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా చెప్పాడు. దాంతో తొట్టి నా మెడకు చుట్టుకుంది.

ఆయనకు కూరలో ఉప్పు వేయకూడదు. రోజంతా కలిపి లీటరు నీళ్లు కూడా తాగకూడదు. వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీయడానికి భయపడే నేను, ముందు గదిలోకి వచ్చి చేపల కోసం కిలోలకు కిలోలు ఉప్పు తూచి, వాటర్ క్యాన్లు వంచి, నీలం డ్రమ్ములో కట్టెతో తిప్పేదాన్ని. ఆయన నాలుకతో పెదాలు తడుపుకుంటూ చూసేవాడు. అయినా డయాలసిస్ రోజు పొద్దున్నే ఆయన్ని మంచం మీద నుంచి లేపేది ఆ తొట్టే. లైటు వేయాలి, నాలుగు చేపలనూ లెక్క చూసుకోవాలి, ఆ తర్వాతే దవాఖానకు బయల్దేరాలి. నేను ఎంత పిలిచినా లేవని మనిషి చేపల కోసం లేచేవాడు. నాకు రోషం వచ్చేది, కానీ లేచాడు కదా అని ఊరుకునేదాన్ని.

పురుగులు కొత్తగా తెప్పించిన పగడపు రాయి మీద వచ్చి ఉంటాయి. పది రోజుల్లో అద్దమంతా పాకాయి. వదిలేస్తే రాళ్లనూ ఇసుకనూ కూడా కప్పేస్తాయి. సన్నటి పైపుతో వాటిని పీల్చి, బట్ట కట్టిన బకెట్లోకి వదలాలి. పీల్చిన కొద్దీ తొట్టిలో నీళ్లు తగ్గుతాయి, మళ్లీ ఉప్పునీళ్లు కలిపి పొయ్యాలి. పొద్దున వంద తీస్తే సాయంత్రానికి రెండు వందలు. నడుము పట్టేసేది, వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయింది. బకెట్ కడుగుతూ, ఇదంతా అయిపోతే బాగుండు అనుకున్న రోజులున్నాయి. ఆ 'అంతా'లో ఏమేం ఉన్నాయో విడదీసి చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

మూడో వారంలో ఒకరోజు నేను పైపు పట్టుకుని వంగి ఉండగా ఆయన అన్నాడు:

"ఇడిశిపెడదాం తియ్యి. ఎన్ని రోజులని జేస్తం?"

నా చేతులు ఆగిపోయాయి. డయాలసిస్ దగ్గర పక్క మంచం మీద ఉండే పెద్దాయన కూడా ఒకరోజు కొడుకుతో ఇదే మాట అన్నాడు, ఎన్ని రోజులని. ఆ తర్వాతి వారం నుంచి ఆయన రాలేదు. ఇవాళ తొట్టి వద్దన్నవాడు రేపు మిషన్ వద్దంటాడని నాకు అనిపించింది. అనిపించడం కాదు, నమ్మేశాను. మళ్లీ వంగి పురుగులు పీల్చాను. ఎట్లాగైనా ఈ తొట్టిని నిలబెట్టాలనుకున్నాను.

మా పుట్టింటివాళ్లది మొగుడంపల్లి వైపు, గొర్రెల మంద ఉన్న ఇల్లు. వానలకు ముందు గొర్రెలన్నిటికీ కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు తాగించడం చిన్నప్పటి నుంచీ చూసిందాన్నే. కడుపులో నట్టలకు పనిచేసేది నీళ్లలో నట్టలకు పనిచేయదా అని తమ్ముడికి ఫోన్ చేశాను. విదేశాల్లో చేపలు పెంచేవాళ్లు అట్లాంటి మందే వాడతారని ఫోన్‌లో ఒక వీడియో కూడా చూశాను. మొదటి కొంచెమే చూశాను, చివరి దాకా చూడలేదు. తమ్ముడు సీసా తెచ్చిచ్చి, బావ తొట్టిలో గొర్రెల్ని పెంచుతున్నాడా అని నవ్వాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు.

"బరువును బట్టి తాపాలెగదక్కా. నీ తొట్టి ఎంత బరువుంటది?"

లీటరు నీళ్లంటే కిలో. మూడు వందల కిలోలు. అంటే పది పెద్ద గొర్రెలు. పదింటికి తాగించేది లెక్కేసి, భయమేసి, అందులో సగం కన్నా తక్కువే కొలుచుకున్నాను.

శనివారం ఆయన్ని మిషన్ మీద పడుకోబెట్టి ఇంటికి వచ్చాను. నాలుగు గంటల టైం ఉంది. మందు పోశాను. అరగంటకు పురుగులు ముడుచుకుపోయి అద్దం నుంచి ఊడి రాలడం మొదలైంది. నెలరోజులుగా నన్ను పీల్చుకుతిన్నవి అట్లా రాలుతుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. టీ పెట్టుకుని, ఆయన కుర్చీలో కూర్చుని తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి నీళ్లు పసుపురంగుకు తిరిగాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే జంటలో పెద్దది పైకి వచ్చి నోరు తెరుస్తూ, ఒక పక్కకు ఒరిగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. మందు తాగించిన రోజు మా నాయన మందను పాత చోట ఉంచేవాడు కాదు. గొర్రె కడుపులో చచ్చిన నట్టలు పెంటికల్లో బయటపడతాయి కాబట్టి, దొడ్డి కొత్త చోటికి మార్చేవాడు. గొర్రెకు బయట పడేసే దారి ఉంది. నా తొట్టికి ఏముంది? చచ్చిన పురుగులు ఒంట్లోంచి వదిలిన విషమంతా ఆ నీళ్లలోనే, ఆ చేపల మొప్పల్లోనే. ఒంట్లోని చెడు బయటికి పోకపోతే మనిషి ఏమవుతాడో వారానికి మూడుసార్లు కళ్లారా చూస్తున్న నాకు ఇది తట్టకపోవడం ఏమిటని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆయనకు ఫోన్ చేశాను. వెనకాల మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఏడుస్తూ చెప్పాను. ఆయన తిట్టలేదు. సగం నీళ్లు తీసెయ్యమన్నాడు, డ్రమ్ములో ఉన్న ఉప్పునీళ్లన్నీ పొయ్యమన్నాడు, బీరువా కింది అరలో ఉన్న, విషం పీల్చుకునే బొగ్గు సంచి ఫిల్టర్‌లో పెట్టమన్నాడు. తీశాను, పోశాను, మళ్లీ కలిపాను, మళ్లీ తీశాను. పెద్ద చేప చచ్చిపోయింది. మిగతా మూడూ కొంచెం తేరుకున్నాయి అనుకుంటుండగా తలుపు చప్పుడైంది.

చూస్తే ఆయన. చేతికి దూది కట్టు, ముఖంలో రక్తం లేదు, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను తీసుకురావాల్సిన టైం దాటి గంటన్నర అయింది. బెంచీ మీద కూర్చుని కూర్చుని, చివరికి తనే ఆటో ఎక్కి వచ్చాడు. చేపల కోసం మనిషిని మరిచిపోయాను.

కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కాళ్ల దగ్గర తడి నేల మీదే కూలబడి అంతా కక్కేశాను. తొట్టి వద్దన్నావు, రేపు మిషన్ కూడా వద్దంటావని భయపడ్డాను, అందుకే ఇట్లా చేశానని. ఆయన ఊపిరి తీసుకుని, మెల్లగా అన్నాడు:

"నువ్వు నిలవడ్డకాడ్నే నిద్రవోతున్నవు. నీ చేతులు జూసి తొట్టి ఇడిశిపెడదామన్న. నేనేడికి పోత అన్లే."

కోపమొచ్చింది నాకు. ఆ మాట ఆ రోజే పూర్తిగా అని ఉంటే ఈ పాడుపని చేసేదాన్నా అని అరిచాను. చెప్తే నువ్వు వినేదానివా అన్నాడు. వినేదాన్ని కాదు.

రెండు వారాలకు అద్దం మీద మళ్లీ నాలుగు చుక్కలు కనిపించాయి. ఈసారి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం అంతే. హైదరాబాద్‌లో ఇట్లాంటి తొట్లు పెంచే ఒకాయనకు పురుగుల సంగతి దాచకుండా చెప్పి, చేపలతో సహా ఇచ్చేశాం. ట్రాలీ మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను ఏడవలేదు, హాయిగా అనిపించినందుకు సిగ్గుపడుతూనే లోపలికి వచ్చి పడుకున్నాను.

ఆ తర్వాతి డయాలసిస్ రోజు నాకు మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారింది. గాభరాగా ముందు గదిలోకి వచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, దవాఖాన ఫైలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. అప్పటి నుంచీ అంతే. నాకంటే ముందే తయారై కూర్చుంటాడు, నన్ను మాత్రం లేపడు.