ఆ గీజరు తీగ కలిపింది నేనే

తొమ్మిదేళ్లుగా ఒక విషయాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాయగానే నాకే కాస్త నవ్వొచ్చింది. ఈ తొమ్మిదేళ్లలో నేను పన్నెండు కిలోలు బరువు పెరిగాను. నిద్ర బాగానే పడుతోంది. శుక్రవారం బిర్యానీ రెండోసారి వడ్డించుకుంటున్నాను. పాపం మోసేవాడు చిక్కి సగమవుతాడని విన్నాను. నా విషయంలో అలా జరగలేదు. బహుశా అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా చేతి పని వల్ల ఒక మనిషి చనిపోయింది. అది మొదటి తప్పు. దానికి పొరపాటు అని పేరు పెట్టుకోవచ్చు, కొన్నాళ్లు పెట్టుకున్నాను కూడా. రెండో తప్పుకు మాత్రం ఎంత వెతికినా అలాంటి మెత్తని పేరు దొరకలేదు.

మాది కడప. బీఎస్సీ ఫిజిక్స్ చదివి కువైట్ వచ్చి, సబ్హాన్‌లో కరెంటు సామాన్ల గోదాములో స్టోర్‌కీపర్‌గా కుదురుకున్నాను. వైర్లు, స్విచ్చులు, బ్రేకర్లు, గీజర్లు. చదువుకు తగ్గ ఉద్యోగమేనని మా నాన్నకు ఫోన్‌లో చెప్పాను. అబద్ధం కాదు. గోదాములో ఉన్నదంతా నా సిలబస్‌లోదే.

కాపురం అబ్బాసియాలో. ఉన్న ఒక పడకగదిలో నేనూ నా భార్యా ఉండి, హాలుకు అడ్డంగా ప్లైవుడ్డు గోడ కట్టి, దాన్ని ఇంకో గదిగా చేసి అద్దెకిచ్చాం. అలా కట్టకూడదు, అలా ఇవ్వకూడదు. అబ్బాసియాలో ప్లైవుడ్డు గోడ లేని ఫ్లాటు ఉందని విన్నాను గానీ చూడలేదు. ఆ గదిలో ఖాదర్ ఉండేవాడు. పేరు మార్చాను. రాయచోటి మనిషి, డెలివరీ వ్యాను నడిపేవాడు. నాకన్నా ఏడెనిమిదేళ్లు చిన్న. నేను చదువుకున్నవాణ్నని ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, కాగితం మొదలు తలనొప్పి మాత్ర వరకు అన్నీ నన్నే అడిగేవాడు. నేను తెలిసినవీ తెలియనివీ ఒకే గొంతుతో చెప్పేవాణ్ని.

ఆ జనవరిలో గీజరు పాడైంది. స్విచ్ వేయగానే ఇల్లంతా కరెంటు పోయేది. లోపల ఎక్కడో కరెంటు కారుతోంది. అలా కారితే మనిషికి తగలకముందే సరఫరా ఆపేయడానికి బోర్డులో ఒక బ్రేకరు ఉంటుంది. దాని పని అది చేస్తోంది. ఆ ఇంట్లో తన పని సరిగ్గా చేసింది అదొక్కటే.

చేయాల్సింది తెలియక కాదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ తప్ప ఇంకెవరూ బోర్డు ముట్టుకోకూడదని నిబంధన. బోర్డు తలుపు లోపలివైపు అరబీలోనూ ఇంగ్లిషులోనూ అతికించి ఉంది. నాకు రెండూ చదవడం వచ్చు. కానీ ఎలక్ట్రీషియన్ కావాలంటే కింద ఉండే హారిస్‌కు, అంటే బిల్డింగు కాపలాదారుకు, చెప్పాలి. అతను ఓనరుకు చెబుతాడు. ఓనరు మనిషిని పంపుతాడు. ఆ మనిషి హాలులోకి అడుగుపెట్టగానే ప్లైవుడ్డు గోడకు ఎదురుపడతాడు. మా బిల్డింగులో ఏది చెడినా ఎవరూ కిందికి కబురు పంపకపోవడానికి కారణం ఇదే. ప్రతి అంతస్తులోనూ సొంతంగా బాగుచేసుకునే మగాడు ఒకడుండేవాడు. మా అంతస్తుకు నేను. డిగ్రీ ఉంది కదా.

ముందు గీజరు ఎర్త్ వైరు ఊడదీసి చూశాను. అయినా బ్రేకరు పడిపోయి కరెంటు పోయింది. అప్పుడు గీజరు తీగను ఆ బ్రేకరు కిందనుంచి తీసి, దానికన్నా ముందు, నేరుగా మెయిన్‌కు కలిపాను. ఇక ఎంత కారినా బ్రేకరుకు తెలియదు. వేన్నీళ్లు వచ్చాయి. నా భార్య మెచ్చుకుంది. ఊడదీసిన ఎర్త్ వైరును, కారే కరెంటును నేలకు దింపేదాన్ని, మళ్లీ బిగించలేదు. మరిచిపోయానని రాయబోయి ఆగాను. మరిచిపోయానా? దాన్ని వదిలేస్తున్నట్టు చేతులకు తెలుసు, తలకు చెప్పలేదు, అంతే అనిపిస్తోంది ఇప్పుడు.

ఖాదర్‌కు ఒక్క మాట చెప్పాను. స్నానానికి పోయేముందు గీజరు స్విచ్ ఆపెయ్యప్పా అన్నాను. ఎందుకని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

కొత్త గీజరు బిగించాలనే అనుకున్నాను. నా గోదాములో అవి అట్టపెట్టెల్లో నా నెత్తికన్నా ఎత్తున పేర్చి ఉండేవి. వచ్చే శుక్రవారం, ఆ పై శుక్రవారం అనుకుంటూండగా ఎండాకాలం వచ్చేసింది. కువైట్‌లో ఎండాకాలం గీజరు ఎవరూ వేయరు. మేడ మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లకే చర్మం ఊడుతుంది. అందుకని గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్లు వాడుకుంటాం. ఇంటి నీడన, ఏసీ చల్లదనంలో ఉంటుంది కాబట్టి ఆ నీళ్లే నయం. ఎర్రచుక్క కొళాయిలో చన్నీళ్లు, నీలంచుక్క కొళాయిలో వేన్నీళ్లు. ఆర్నెల్లపాటు గీజరు మాకు చన్నీళ్ల తొట్టి. చన్నీళ్ల తొట్టికి ఎవరు భయపడతారు?

ఏప్రిల్‌లో ఖాదర్ భార్య వచ్చింది. ఆమెను ముబీనా అందాం. పదేళ్ల కూతుర్ని రాయచోటిలో తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు బట్టలు కుట్టేది. వచ్చిన మూడో రోజు నీలంచుక్క కొళాయి తిప్పి చేయి కాల్చుకుంది. నవ్వుతూ బయటికొచ్చి, "ఏందన్నా మీ కువైట్? నీళ్లు గూడా ఉల్టానే. ఇంగ మనుషులు ఎట్లుంటారో ఏమో" అంది. నేనూ నవ్వాను. అంటే ఆ గీజరు వేడిగా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. స్నానానికి ముందు దాన్ని ఆపాలన్న మాట ఆమెకు ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

నవంబరులో ఒక శుక్రవారం. నాకు సెలవు, ఖాదర్‌కు లేదు. ఆ ఏడు మొదటి చలి. తొమ్మిది గంటలప్పుడు బాత్‌రూంలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఆగడం లేదు. ముబీనా ఎంతకీ రావడం లేదేమని నా భార్య అంది.

ఇక్కడ నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాయాలి. ఎవరైనా ఏం చేస్తారు? పోయి తలుపు తడతారు. పేరు పెట్టి పిలుస్తారు. నేను తలుపు దగ్గరికి పోలేదు. బోర్డు దగ్గరికి పరుగెత్తి మెయిన్ ఆపాను. ఆ తరువాత తలుపు తన్నాను. నాకు తెలుసన్నమాట. జనవరినుంచీ ప్రతిరోజూ తెలుసు. నా భార్య అది చూసింది. ముందు బోర్డు దగ్గరికి ఎందుకు పోయినావని ఇంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు. ఆమెకు ఎంత తెలుసో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

అంబులెన్సు వచ్చింది. నా భార్య కూడా అందులో పోయింది. పోలీసుల కోసం నన్ను ఇంట్లో ఉండమన్నారు. ఇంట్లో నేనొక్కణ్నే. స్టూలు వేసుకుని, స్క్రూడ్రైవరు తీసుకుని, గీజరు తీగను తిరిగి బ్రేకరు కిందికి కలిపాను. ఎర్త్ వైరు బిగించాను. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు. ఆమె బతికుందో లేదో కూడా నాకింకా తెలియదు. అయినా నా చేతులు ఆ పనిలో ఉన్నాయి. దాని గురించి ఎంత ఆలోచించినా ఇంతకన్నా లోపలికి పోలేకపోతున్నాను. భయంతో చేశానంటే మీరు నమ్ముతారేమో, కానీ భయపడినవాడు స్క్రూలు అంత నిదానంగా తిప్పడు.

వచ్చినవాళ్లు బోర్డు చూశారు. ఫొటోలు తీసుకున్నారు. పాత గీజరు, పాత బ్రేకరు, పడాల్సిన సమయానికి పడలేదు అనుకున్నారు. ప్రమాదం అని రాసుకున్నారు. రాసుకునేటప్పుడు ఒకాయన ప్లైవుడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దాని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. దాన్ని దాచడానికే కదా నేను ఇంత చేసింది.

ముబీనా ఆసుపత్రికి చేరకముందే పోయిందని నా భార్య ఫోన్ చేసింది.

సాయంత్రం ఖాదర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. తలెత్తకుండా మాట్లాడాడు.

"అన్నా, నువ్వు చెప్పింటివి గదన్నా. నీళ్లు పోసుకునేముందు స్విచ్ ఆపల్లని."

మళ్లీ అతనే అందుకున్నాడు.

"తెల్లార్తో నేనే ఏసి పోయినా అన్నా. సలిగా ఉంది, లేసి ఏన్నీళ్లు పోసుకుంటాదిలే అని. పడుకోనుంది, లేపబుద్ధి గాలే. ఆపి పోసుకోమని చెప్పకపోతినే. యాదే రాలేదన్నా. నువ్వు చెప్పింటివి గదా?"

అది ప్రశ్న. ఈసారి తలెత్తి నా ముఖంలోకి చూసి అడిగాడు. అతనికి కావాల్సింది నేను కాదనడం. అట్లా ఏం చెప్పలేదులే ఖాదర్ అన్నా సరిపోయేది. అబద్ధమైనా అదే సాయమయ్యేది. నిజం చెప్పి ఉంటే, ఇక నేను ఈ రాతే రాయాల్సిన పని ఉండేది కాదు. నేను రెండూ చేయలేదు.

"చెప్పినానప్పా," అన్నాను. "చెప్పకుండా ఎట్లుంటా?"

ఇదే రెండో తప్పు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే ఇది ఇంత బాగా పనిచేసింది.

శవంతో పాటు రాయచోటి పోయి, రెండు నెలల తరువాత ఖాదర్ తిరిగొచ్చాడు. వేరే గదిలో దిగాడు. అప్పటినుంచి ఎవరింటికి పోయినా, మంచినీళ్లు తాగకముందే, స్నానానికి ముందు గీజరు ఆపండి, నాలాగా చేయొద్దండి అని చెబుతాడు. మొదట్లో జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇప్పుడు తలూపి టీవీ వైపు తిరుగుతారు. నా ఎదుట కూడా చెబుతాడు. నేనూ తలూపుతాను. మా అన్న చెప్పినాడు, నేనే వినలేదు అని నన్ను చూపిస్తాడు. ఊళ్లో నా గురించి ఇంత మంచిగా మాట్లాడేవాడు మరొకడు లేడు.

ఇన్నేళ్లూ ఇలాగే నడిచింది. ఇలాగే పోయేది కూడా. నేను మారిన మనిషినని అనుకోవద్దు. పోయిన నెల ఖాదర్ నన్ను హోటల్లో టీకి పిలిచాడు. కూతురికి పంతొమ్మిది వచ్చాయట, డిగ్రీ చదువుతోందట. పెద్దదైంది, తెలియాలి కదా అని, వాళ్లమ్మ ఎలా పోయిందో తనే ఫోన్‌లో చెప్పాడట. తను స్విచ్ వేసిన సంగతీ, చెప్పడం మరిచిన సంగతీ, అన్నీ.

"ఫోను ఎత్తడం లేదన్నా," అన్నాడు. "ఇరవై దినాలాయె. మాయమ్మను నువ్వే సంపినావ్ అని మెసేజి పెట్టింది. ఆయమ్మి తప్పేముందన్నా, నిజమే గదా. అయినా నువ్వు సదువుకున్నోనివి, నువ్వు ఒక మాట చెప్తే వింటాదేమో."

కూతురి నంబరు నా ఫోనుకు పంపాడు. అది నా దగ్గరుంది. రోజూ తీసి చూస్తున్నాను.

జైలుకు భయపడుతున్నానా? అదీ ఉంది. ఉద్యోగం, ఇఖామా, భార్య ముఖం, అన్నీ ఉన్నాయి. కానీ రెండుసార్లు ఖాదర్ గది దాకా పోయి తెలుసుకున్నది వేరే. నేను చెప్పగానే అతను నన్ను కొడితే బాగుండును. కొట్టడు. ముందు అతని ముఖంలో సంతోషం కనబడుతుంది. తొమ్మిదేళ్ల తరువాత, తను కాదని తెలిసిన సంతోషం. ఆ తరువాతే నేనెవరో అతనికి అర్థమవుతుంది. ఆ రెండింటికీ మధ్య ఉండే ఆ ఒక్క క్షణం నా వల్ల కాదు. రెండుసార్లూ టీ తాగి వచ్చేశాను.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను, ఆ అమ్మాయికి చెప్పాల్సిన మాటల్లోనే. అమ్మా, మీ నాన్న స్విచ్ వేయడం వల్ల మీ అమ్మ పోలేదు. ఆ తీగ ఉండాల్సిన చోట ఉండి ఉంటే, ఆయన స్విచ్ వేసిన మరుక్షణమే ఇల్లంతా చీకటయ్యేది. నా తలుపు కొట్టి, కరెంటు పాయె అన్నా అనేవాడు. నేను విసుక్కుంటూ లేచేవాణ్ని. మీ అమ్మ ఆ రోజు చన్నీళ్లు పోసుకుని, నన్ను నాలుగు తిట్టుకుని, మిషను ముందు కూర్చునేది. ఆ తీగను మార్చింది నేను. ఆమె పోయాక మళ్లీ సరిగ్గా బిగించిందీ నేనే. మీ నాన్న మరిచిపోయినదాంట్లో తప్పు ఏమీ లేదు.

ఈ మాటలు ఇదే మొదటిసారి రాయడం. ఆ నంబరుకు పంపుతానో లేదో మీకు మాటివ్వలేను. నా మాటల విలువ ఎంతో పైన చదివారు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు, ఎవరి చేతిలో ఉండిందో ఆమె లేదు. ఆ అమ్మాయికి చెప్పాల్సిన మాటలు రాశాక కాసేపు పెన్ను పక్కన పెట్టాను. ఛాతీలో ఏదో కొంచెం సడలింది. ఊపిరి అడుగుదాకా పోతోంది. అది నాకు తెలుస్తోంది. తెలుస్తున్నందుకు సిగ్గుగానే ఉంది.