పౌలును మా రేవుకు రప్పించిన గన్నాని

గన్నాని అంటే మా భాషలో పసిగుడ్డు. ఆడపిల్లకు పేరు వెతికే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మంత్రసాని పిలిచిన పిలుపే మిగిలింది. యాభై దాటి, ముందు పళ్ళు రెండు ఊడి, మొగుణ్ణి మట్టిలో పెట్టి, చోంగ్‌చోన్ నది రేవులో సొంతంగా కల్లుపాక నడుపుతున్న మనిషిని కూడా జనం పసిగుడ్డనే పిలిచేవారు. ఆమె పలికేది.

పడవ అవతలి ఒడ్డుకు వెళ్ళి తిరిగొచ్చేదాకా జనానికి ఆ పాకే దిక్కు. బియ్యపు కల్లు, సోయా పులుసు, చలికాలమైతే ముల్లంగి ఊరిన నీళ్ళలో చల్లటి నూడుల్స్ ఉండేవి. వీటన్నిటికంటే గన్నాని నోరు ఎక్కువ ఘాటు అనేవారు.

మా దేశంలో జపాను వాళ్ళ రాజ్యం వచ్చిన రెండో ఏడు, వేసవిలో, ఒక అమెరికా పాదిరి పడవ అందక ఆమె పాకలో కూలబడ్డాడు. అసలు పేరు ఎవరికీ నోరు తిరగక క్వాక్ పాదిరి అయ్యాడు. మా భాష నేర్చాడు గానీ, ఎవరికెంత మర్యాద ఇవ్వాలన్నది అతనికి చివరిదాకా పట్టుబడలేదు. పడవ నడిపే డెబ్భై ఏళ్ళ తాక్ తాతను "ఒరేయ్" అన్నాడు. గన్నాని కుక్కను "తమరు కాస్త పక్కకు జరుగుతారా" అని అడిగాడు. కుక్క జరిగింది.

వెళ్తూ వెళ్తూ ఆమె చేతిలో ఒక సన్నటి పుస్తకం పెట్టాడు. "నువ్వు ఇది చదవండి. చాలా మంచిది."

అది బైబిలంతా కాదు, అందులో అపొస్తలుల కార్యాలు అనే ఒక్క భాగం. ఆడవాళ్ళు చదివే తేలిక లిపిలో అచ్చేశారు. అత్తగారికి వచ్చే ఉత్తరాలు చదివిపెట్టడం కోసం గన్నాని ఎప్పుడో అక్షరాలు నేర్చుకుంది. ఊరికే తిరగేసింది. జైళ్ళు, రాళ్ళ దెబ్బలు, పాము కాటు, పగిలిపోయిన ఓడ. 'దేవుడి సంగతి ఎలా ఉన్నా కొట్లాటలు బాగున్నాయి' అనుకుంది. మర్నాటి నుంచి పడవ కోసం కాచుకున్న వాళ్ళకు గొంతు మార్చి మార్చి చదివి వినిపించడం మొదలుపెట్టింది.

అందులో ఊరూరా తిరిగి బోధించే పౌలు ప్రసంగం సాగీ సాగీ, కిటికీలో కూర్చున్న కుర్రాడు కునికిపాట్లు పడి మూడో అంతస్తు నుంచి కిందపడ్డ ఘట్టాన్ని జనం మళ్ళీ మళ్ళీ అడిగి చదివించుకున్నారు. ఓడ తుఫానులో పగిలిపోయే చోట ఆమె పుస్తకం మూసేది. "మిగతాది రేపు. ఇంకో గిన్నె పొయ్యనా, లేచిపోతారా?" అనేది. జనం లేచేవారు కాదు. పడవను కావాలనే వదులుకునేవారు. ఆఖరికి తాక్ తాతే పడవ కట్టేసి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అవతలి ఒడ్డున ఎక్కాల్సిన వాళ్ళు అరిచి అరిచి ఊరుకున్నారు.

రెండు నెలలకు పుస్తకం అయిపోయింది. పౌలు ఖైదీగా రోమా చేరాడు. అద్దె ఇంట్లో కాపలా మధ్య రెండేళ్ళున్నాడు. వచ్చిన వాళ్ళకల్లా బోధించాడు. అంతే, ఆ తర్వాత కాగితం లేదు.

"తర్వాత?" అన్నాడు తాక్ తాత.

"తర్వాత ఏమీ లేదు."

"ఉరితీశారా, వదిలేశారా?"

"రాయలేదు తాతా."

"పేజీలు చింపి పొయ్యి రాజేశావే. నీ సంగతి నాకు తెలీదా?"

వారం రోజులు పాక బోసిపోయింది. వచ్చినవాళ్ళు కూడా కథ మింగేసిన మనిషిని చూసినట్టు చూశారు. ఎనిమిదో రోజున గన్నానికి ఆ కథ మిగతా భాగం 'దొరికింది'. పౌలును వదిలేశారు. తూర్పుగా నడిచాడు. చైనా దాటాడు. సరిహద్దులో గడ్డకట్టిన అమ్నోక్ నది మీద నడిచి మన ఉయిజు ఊళ్ళోకి వచ్చాడు. అక్కడ నూడుల్స్ తిని, ఇంకో గిన్నె అడిగి తిని, మన రేవు వైపు వస్తూ దారిలో జిగట విరేచనాలు పట్టుకుని పోయాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ పూట కల్లు కుండలన్నీ ఖాళీ.

మరుసటి ఏడు శరదృతువులో క్వాక్ పాదిరి తిరిగొచ్చాడు. వెంట పట్నం సంఘపెద్ద హ్యాన్ కూడా ఉన్నాడు. రేవులో పందొమ్మిది మందికి అపొస్తలుల సంగతి కంఠతా వచ్చని విని పాదిరికి నేల మీద కాలు ఆగలేదు. కల్లు వాసనకు ముక్కు మూసుకుంటూనే బాప్తిస్మానికి పరీక్ష పెట్టాడు. మొదట తాక్ తాత కూర్చున్నాడు. ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు.

"పౌలు చివరికి ఏమయ్యాడు?" అని అడిగాడు హ్యాన్ పెద్ద.

"విరేచనాలతో పోయాడండి. ఉయిజు నుంచి మన రేవుకొస్తూ, దారిలో."

హ్యాన్ పెద్ద కలం ఆగింది. "ఎవరన్నారు?"

"పుస్తకంలో ఉందిగా. గోరీ కూడా ఉంది. బార్లీ చేను వెనక. పోయిన పండక్కి మేమే గడ్డి కోసి, దణ్ణం పెట్టి వచ్చాం."

పాదిరి మొహం తెల్లబడింది. అది ముందే తెల్లన కాబట్టి ఎక్కువమంది గమనించలేదు. గోరీ సంగతి గన్నానికీ అప్పుడే తెలిసింది. కొండ పక్కన ఎవరిదో, దిక్కులేని మట్టిదిబ్బ. తను కల్లు అమ్ముకోవడానికి చెప్పిన అబద్ధానికి వీళ్ళు కొడవలి పట్టుకెళ్ళి గడ్డి కోశారు. ఎప్పుడూ సిగ్గెరగని మనిషి చెవుల దాకా ఎర్రబడింది.

అందరినీ తనే ఆ దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళింది. "అబద్ధం చెప్పాను. పౌలు ఇక్కడికి రాలేదు. మీరు నన్ను వేధించారు, నేను అల్లాను" అంది.

తాక్ తాత వెంట తెచ్చిన కొడవలిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"అయితే మన దాకా ఎవరూ రాలేదా?"

"వచ్చారుగా. ఈ క్వాక్ పాదిరి."

"ఇతనా?"

అందరూ తిరిగి చూశారు. పాదిరి బూటు బురదలో దిగబడింది. ఒంటికాలి మీద నిలబడి దాన్ని పీక్కుంటున్నాడు. పాకలో నల్లులు కుట్టిన మెడ దద్దుర్లు తేలి ఉంది.

"ఇంతకంటే మంచివాడు దొరకలేదా ఆ దేవుడికి?" అన్నాడు తాక్ తాత, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. తర్వాత దిబ్బ వైపు చూసి, "ఎవడైతేనేం. ఒకసారి కోశాక మానేస్తే బాగుండదు" అని గడ్డి కోయడానికి వంగాడు.

తిరిగొస్తుంటే గన్నాని పాదిరిని నిలదీసింది. "అయ్యగారూ, అంత పుస్తకం రాసినవాడు చివర అలా వదిలేస్తాడా? బద్ధకం కాకపోతే."

"మిగతాది మనం చేయాలని వదిలాడు. భూదిగంతాల దాకా వెళ్ళమన్నారు. అందుకే నేను ఈ చివరికి వచ్చాను."

"చివర ఏమిటి? ఇది నడిమధ్య. పడవ ఇక్కడే ఆగుతుంది. చివర మీ ఊరు. అక్కడి నుంచి రావడానికి మీకు నెలన్నర పట్టిందంటే అదెంత చివరో చూసుకోండి."

ఆ రాత్రి పాదిరి తన నోటుపుస్తకంలో ఆమె అన్న ఆ మాటే రాసుకున్నాడని హ్యాన్ పెద్ద తర్వాత చెప్పాడు.

మరుసటి వసంతానికి గన్నాని కల్లు అమ్మడం మానేసింది. పాపమని కాదు. తాగినవాడు దేన్నయినా నమ్ముతాడని ఆమెకు తెలిసిపోయింది, ఆ తేలిక ఇక ఆమెకు రుచించలేదు. సగం బేరం పోయింది. బాప్తిస్మం రోజున పాదిరి ప్రిస్కిల్ల అని పేరు పెడతానన్నాడు. "ఊడిన పళ్ళతో అది పలకాలంటే మీ మీద ఉమ్ము పడుతుంది" అంది. అదే పుస్తకంలో ఏటి ఒడ్డున పౌలు మాట విన్న వ్యాపారి లూదియ పేరు తనే ఏరుకుంది. జనం గన్నాని అనే పిలిచారు.

తర్వాత ఆమె పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని కొండ ఊళ్ళు తిరిగింది. రాసింది తప్ప చెప్పనని మాటిచ్చింది. పాము గానీ, ఓడ గానీ వచ్చినప్పుడు గొంతు మార్చడం మాత్రం మానలేదు. భూములు పోగొట్టుకుని మా వాళ్ళు గుంపులుగా ఉత్తరాన సరిహద్దు అవతలి గాందోకు వలసపోతున్నప్పుడు, అరవై ఏళ్ళ మనిషి తనూ వెళ్తానంది. పంపేది చర్చి ఆడవాళ్ళ సంఘం, అనుమతి ఇచ్చేది మగవాళ్ళు. అక్కడ చలికి తట్టుకోలేవు అన్నారు. "చలికి మీరూ తట్టుకోలేరు, అందుకేగా ఎవరూ వెళ్ళంది" అంది. అనుమతి వచ్చింది.

మొదటి చలికాలం అక్కడి నుంచి పాదిరికి ఉత్తరం రాసింది. 'నా దగ్గరికి ఏడుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. నలుగురు పొయ్యి వేడికి వెచ్చబడ్డ నా గది నేల కోసం. ఇద్దరు ఊసుల కోసం. ఒకావిడ దేవుడి కోసమే వస్తోందని అనుమానం, ఎవరో ఇంకా తేలలేదు. కరపత్రాలు చాలు. దూదీ సూదులూ పంపండి.'

సంఘం కరపత్రాలే పంపింది, రెండు కట్టలు. రెండో కట్ట విప్పితే మధ్యలో కాగితాలు లేవు. పాదిరి తన పరుపు విప్పి తీసిన దూది, దాంట్లో గుచ్చిన సూదులు ఉన్నాయి. గన్నాని ఆడవాళ్ళను పిలిచి దుప్పట్లు కుట్టడానికి కూర్చోబెట్టింది.