సరోజ ఫిల్మ్‌లో కనిపించిన నీడ

1981. మదనపల్లెలో ఒక డాక్టరుగారి ఆసుపత్రిలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. చేరి ఏడాది కూడా కాలేదు. ఫిల్మ్ పాడైతే డాక్టరుగారు మండిపడేవారు. "ఇంకొకటి చెడగొట్టినావంటే నీకు ఈడ పనిలేదు" అని అంతకు ముందు వారమే అందరి ముందూ అన్నారు. ఆయన చెప్పుల చప్పుడు వింటేనే ఫిల్ములు కడిగే చీకటి గదిలోకి తప్పుకునేవాణ్ణి.

ఒక సోమవారం ఉదయం సదుం నుంచి పుంగనూరు మీదుగా సరోజ అనే అమ్మాయి తండ్రితో వచ్చింది. బెంగళూరులో పరిశోధన చేస్తోంది. వేరుశనగ పొట్టు పొయ్యిలో ఎట్లా మండుతుంది, అంత పొగ ఎందుకు వస్తుంది అన్నది ఆమె పని. దహన శాస్త్రం మీద జర్మనీలో జరిగే సదస్సుకు ఆమె వ్యాసం ఎంపికైంది. విమానం ఖర్చు భరించే సంస్థ మాత్రం ఒక షరతు పెట్టింది. ఛాతీ ఎక్స్‌రే చూసి డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ శుక్రవారంలోగా బెంగళూరులో అందాలి. లేదంటే ఆ టికెట్టు జాబితాలో తర్వాతి విద్యార్థికి పోతుంది.

ఫిల్మ్ తీశాను. మధ్యాహ్నం డాక్టరుగారు దాన్ని వ్యూబాక్స్ మీద, అంటే లోపల దీపం వెలిగే తెల్ల అద్దం పెట్టె మీద, పెట్టి చూశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనిపించింది.

"టీబీ మాదిరి ఉండాది. కఫం పరీక్షలు కావాల. అంతవరకూ సంతకం పెట్టలేను."

తండ్రి గోడ పట్టుకున్నాడు. సరోజ కఫం డబ్బా అడిగి తీసుకుంది.

మంగళవారం ఉదయం ఫిల్ములు సర్దుతూ దాన్ని మళ్ళీ చూశాను. నీడ ఊపిరితిత్తి దగ్గర ఆగలేదు. కాలర్ ఎముక దాటి మెడ దాకా తాడులా పోయింది. ఊపిరితిత్తుల జబ్బు మెడ మీదికి పాకదు. ముందురోజు సరోజ తలంటుకుని వచ్చింది. తడి జడ ఫిల్మ్ మీద నీడగా పడుతుంది. జడ పైకి ముడివేసుకోమని చెప్పడం నేనే మరిచిపోయాను.

చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోయినా కఫంలో ఏమీ దొరకదు, ఆమె ప్రాణానికేం ముప్పు లేదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అట్లా నచ్చజెప్పుకునే విద్యలో నన్ను మించినవాడు లేడు. అయినా డాక్టరుగారి గది దాకా నాలుగుసార్లు వెళ్ళి, నాలుగుసార్లూ వెనక్కి వచ్చాను.

బుధవారం సరోజ ఒక్కతే కఫం డబ్బాతో వచ్చింది.

"టికెట్టు సంగతి ఏమైందమ్మా?"

"అది పోతే పోనీ సార్. మా నాయన సేను అమ్మి మందులు తెస్తానంటాండాడు. నిజం చెప్పండి, నేను సచ్చిపోతానా?"

ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. "నీకేం లేదమ్మా. తప్పు నాది" అన్నాను. భయం మళ్ళీ నన్ను పట్టుకోకముందే డాక్టరుగారి గదిలోకి దూరాను.

ఆయన తిట్లు వరండా దాకా వినిపించాయి. చివరికి "ముందు పోయి ఇంకో ఫిల్మ్ తీయప్పా" అన్నారు. జడ పైకి కట్టించి తీశాను. నీడ లేదు. సర్టిఫికెట్ చేతికి వచ్చాక సరోజ నా దగ్గర ఆగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"నిన్న పొద్దున."

ఆమె సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది. "నిన్న మధ్యాహ్నమే సార్, మా యమ్మ నేను అన్నం తినే తట్ట, గ్లాసు ఏరుగా పెట్టింది."

బెంగళూరు బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది. గడువులోగా కాగితం చేరిందనీ, సదస్సుకు వెళ్ళివచ్చిందనీ తర్వాత విన్నాను. డాక్టరుగారు నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ తర్వాత కూడా నా చేతుల్లో తప్పులు జరిగాయి. తెలిసిన తప్పును మాత్రం ఒక్క పూట కూడా దాచలేదు. నేను దాచిన పూటే ఆ తల్లి కూతురి తట్ట వేరు చేసింది.