నాయనమ్మ రాయి మీద ఒక్క మాట

మా నాయనమ్మ సమాధి రాయి మీద ఏం చెక్కించాలో తేల్చడానికి మాకు వేసవంతా పట్టింది. దానికి కారణం మా అన్నయ్య. బైబిల్ కాలేజీలో గ్రీకు నేర్చుకుని వచ్చాడు.

ధవళేశ్వరంలో రాళ్లు చెక్కే మేస్త్రీ మాటిమాటికీ నాకే ఫోన్ చేసేవాడు. "ఏమండీ, విశ్రాంతి అని చెక్కేయమంటారా?" అనేవాడు. సరేననబోతే అన్నయ్య అడ్డుపడేవాడు.

"తొందరపడకే. గ్రీకులో రెండు మాటలున్నాయి. అనపౌసిస్ అంటే పని మధ్యలో ఊపిరి పీల్చుకోవడం. కటపౌసిస్ అంటే పని ముగించేసి కూర్చోవడం. నాయనమ్మది ఏదో తేలాలి కదా!"

"మరి మన తెలుగు బైబిల్లో ఏమన్నారు?"

"రెండింటినీ విశ్రాంతి అనే అన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏది తేలినా చెక్కేది ఆ మాటే అయినప్పుడు ఇన్నాళ్లూ పని ఎందుకు ఆపినట్టు?

మా కేకలు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఊడ్పుల్లో మీ నాయనమ్మ గట్టెక్కి, నడుం పట్టుకుని, రెండు గుక్కలు నీళ్లు తాగి మళ్లీ చేలోకి దిగేది. ఆ విశ్రాంతి ఆవిడకి బతికుండగానే అయిపోయింది. ఇప్పుడు ఆవిణ్ణి దిగమనేవాళ్లు ఎవరూ లేరు. చెక్కించేయండి," అంది.

అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. వాడు మనసు మార్చుకునేలోపే నేను మేస్త్రీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"అలాగేనండి. అక్షరాలు ఎంత పెద్దవి పెట్టమంటారు?" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోగా అన్నయ్య స్కేలు కోసం లేచాడు.